మేకు, బిళ్ళ, మనిషి

కోమలకు కుర్చీతో పడదు. మా ఆఫీసులో చేరిన మొదటి రోజే ఆ సంగతి తేలిపోయింది. పది నిమిషాలు కూర్చుంటుంది. లేచి వరండాలోకి వెళ్లి, కింద టిఫిన్ సెంటరులో దోసెలు తిప్పడం చూస్తుంది. తిరిగొచ్చి నీళ్లు తాగుతుంది. మళ్లీ కూర్చుంటుంది, కూర్చున్నాక కాలు ఊపుతుంది. మా ఇద్దరి బల్లలూ నిజానికి ఒకే పొడుగాటి చెక్క, అందుకని ఆ ఊపుకు నా టీ గ్లాసు కూడా వణికేది. నాకు నలభై ఆరేళ్లు. మనిషి నిలకడగా లేకపోతే నాకు ఒళ్లు మండుతుంది. ఆమె గురించి రాస్తున్నాను గనుక ముందే చెప్పేస్తాను, ఆ నెల రోజులూ నేను ఆమెతో మర్యాదగా లేను.

కోమలది మంచిర్యాల. వయసు ముప్పై మూడు. తండ్రి హనుమండ్లు బొగ్గు బాయిలో, అంటే గనిలో, పనిచేసి రిటైరయ్యాడు. తల్లి లింగవ్వ ఇంటి ముందుగదిలో చిన్న కిరాణా కొట్టు నడుపుతుంది. డిగ్రీ అయ్యాక కోమల పట్టని పని లేదు, వదలని పని లేదు. ప్రైవేటు బడిలో ఏడాదిన్నర లెక్కలు చెప్పింది. సెల్‌ఫోన్ల షాపులో ఎనిమిది నెలలు ఉంది. నర్సు ట్రైనింగుకు పోయి సగంలో వచ్చేసింది. కుట్టు మిషను కొంది, పక్కింటామెకు అమ్మేసింది.

"మా వాడకట్టుల నన్ను మంచిగున్నవా అని అడగరు సార్. ఇప్పుడేం ఇడిసిపెట్టినవ్ అని అడుగుతరు" అని తనే నవ్వుతూ చెప్పింది ఒకసారి. నేను నవ్వలేదు.

చివరికి హైదరాబాదులో మూడు నెలలు ప్రోగ్రామింగ్ నేర్చుకుని మా దగ్గర తేలింది. కరీంనగర్‌లో మంచిర్యాల చౌరస్తా దాటాక, టిఫిన్ సెంటరు పైన మా ఆఫీసు. ఏడుగురం. ఎవరెవరో ఎప్పుడో రాయించుకుని వదిలేసిన పాత యాప్‌లను బతికించడం మా పని. అందులో ఐఫోన్ యాప్‌లు చాలావరకు ఆబ్జెక్టివ్ సి అనే పాత భాషలో ఉంటాయి. ఇప్పటి పిల్లలు దాన్ని నేర్చుకోరు. ఆఫీసులో అది తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ సంగతి పైకి విసుగ్గా చెప్పేవాణ్ణి గానీ, లోపల నాకు కొంచెం గొప్పగానే ఉండేది.

మా ఓనరు మమతారాణి మేడంకు మాత్రం అదొక భయం. నాకేమైనా అయితే ఎలా అని. అందుకే కోమలను తీసుకుంది. "నెల రోజులు నేర్పించు ఫయాజ్ భాయ్. తర్వాత నువ్వు ఉంచుమంటే ఉంచుత, వద్దంటే పంపిస్త" అంది. ఆ నెల ఒక శనివారంతో ముగుస్తుంది. నేను చెప్పబోయేది ఆ చివరి వారం సంగతి.

సోమవారం పొద్దున షార్జా నుంచి ఫోన్ వచ్చింది. అక్కడొక కాంట్రాక్టు కంపెనీకి మేం ఒక యాప్ నడుపుతాం. పెద్ద పెద్ద నూనె ట్యాంకులు కడగడానికి మనుషులు లోపలికి దిగుతారు. ఎవరు దిగారో సూపర్‌వైజర్ ఫోనులో ఎక్కిస్తాడు, బయటికి రాగానే తీసేస్తాడు. పేరు ఫోనులో ఉందంటే మనిషి లోపల ఉన్నట్టు. ఫోన్ చేసింది సాగర్ అనే సూపర్‌వైజర్. ఇచ్చోడ ఊరి మనిషి, షార్జాకు పోయి పదకొండేళ్లు.

"ఫయాజన్నా, లోపట ఇద్దరున్నరే. మొదలు భూమన్నను ఎక్కిచ్చిన, తర్వాత నర్సయ్యను. ఫోన్ల చూస్తే నర్సయ్య పేరే రెండుసార్లున్నది. భూమన్న లేనే లేడు. నా చేతుల కాయితం ఉన్నది కాబట్టి సరిపోయింది. లేకుంటే నర్సయ్య రాంగనే అందరు బయటకొచ్చిండ్రని మూత ఏపిస్తుంటి. జర చూడన్నా."

మేడం పక్కనే నిలబడి ఉంది. ఫోన్ పెట్టేయగానే "ఏమైంది?" అంది. పది రోజుల కింద ఆ యాప్ కొత్త వెర్షన్ పంపాం. అందులో కోమల చేసిన పని ఒక్కటే, "ఇంకొకరు" అనే బటన్ రంగు మార్చడం. ఒకరిని ఎక్కించాక వెంటనే రెండో మనిషిని ఎక్కించడానికి ఆ బటన్.

"కొత్తమ్మాయి ఏదో ముట్టుకున్నట్టుంది మేడం" అన్నాను.

ఆలోచించి అన్న మాట కాదది. నాలుక చివర సిద్ధంగా ఉండి వచ్చేసింది. రంగు మారిస్తే పేర్లు మారవని నాకు తెలియదా? తెలుసు. కానీ అనేశాను, అన్నాక సగం నమ్మాను కూడా. మేడం గట్టిగా ఊపిరి వదిలి, "శనివారం సాయంత్రం చెప్పు మరి, ఉంచుదామో పంపుదామో. ఇట్లయితే నేను ఉంచలేను" అని తన గదిలోకి వెళ్లిపోయింది. వరండాలో కోమల దోసెలు చూస్తోంది.

ఆ వారం నాకు కుదురు లేదు. షార్జాకు అప్పటికి ఆ బటన్ నొక్కవద్దని చెప్పి, నెట్‌వర్క్ లోపమేమోనని దానివెంట పడ్డాను. ఆ పనిలో ఉండగానే కోమలకు పాఠం చెప్పాలి. మంగళవారం బోర్డు మీద రాశాను.

Worker* a, b;

"వర్కర్ అంటే ఒక రకం. దాని పక్కన స్టార్ పెడితే పాయింటర్. ఇద్దరు వర్కర్లకు రెండు పాయింటర్లు. కొట్టి చూడు" అన్నాను.

కొట్టింది. మిషను తిట్టింది. a ఒప్పుకున్నదట, b ఒప్పుకోదట. కోమల నా ముఖంలోకి చూసింది. తప్పు నాదే. స్టార్‌ను వర్కర్‌కు అంటించి రాస్తే అది ఇద్దరికీ వర్తిస్తుందని కంటికి అనిపిస్తుంది, కానీ అది a ఒక్కదానికే. b కి వేరే స్టార్ పెట్టాలి. పదిహేనేళ్లుగా ఎరిగిన సంగతి, హడావిడిలో నేనే తప్పు రాశాను.

"రెండిటికీ పెట్టు. రూల్ అంతే" అన్నాను.

"స్టార్ వర్కర్ది కాదా సార్? a దా?"

"a ది."

"మరి తర్వాత లైన్‌ల a అని ఉత్తగనే రాసిండ్రు. స్టార్ ఏడ పోయింది?"

"తర్వాత అక్కర్లేదు."

"ఎందుకు?"

"రూల్."

"సార్, మరి స్టార్ పెట్టంగనే ఆడ వర్కర్ తయారైతడా?"

"కాడు. పాయింటర్ తయారవుతుంది. అది వర్కర్ ఎక్కడున్నాడో చూపిస్తుంది, అంతే."

"వర్కర్ లేకుంటే?"

"లేకుంటే నిల్. ఖాళీ. కోమలా, ముందు రాసుకో, అర్థం తర్వాత అవుతుంది."

లేచి వరండాలోకి పోయింది. అటూ ఇటూ నడుస్తూ గాలిలో వేలితో స్టార్లు గీసుకుంటోంది. బుధవారం అవే ప్రశ్నలు తిప్పి అడిగింది. నేను అవే జవాబులు గొంతు పెంచి చెప్పాను. ఇంత మొద్దు బుర్ర ఎట్లా దొరికింది మేడంకు అని మనసులో తిట్టుకున్నాను. శనివారం నేనేం చెప్పబోతున్నానో నాకు ఖాయమైపోయింది. ఒకసారి ఖాయమయ్యాక ఆమె ప్రతి ప్రశ్నా నాకొక సాక్ష్యంలా కనిపించింది.

గురువారం కోమల తండ్రి వచ్చాడు. కరీంనగర్‌లో కళ్ల దవాఖానాలో చూపించుకున్నాడట, కంట్లో మందు వేశారట, చూపు తేటపడేదాకా బస్సెక్కవద్దన్నారట. "రెండు గంటలు ఈడ కూసుంటడు సార్, ఏం లొల్లి చెయ్యడు" అని కోమల బతిమాలింది. సరే అన్నాను. నల్ల కళ్లద్దాలు, తెల్ల లుంగీ, భుజాన తువ్వాల. సన్నటి మనిషి. తలుపు పక్కన స్టూలు వేస్తే కూర్చున్నాడు.

కూర్చున్నాడు అనడం తప్పు. కూతురి కాలి ఊపు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అప్పుడు అర్థమైంది. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ లేచి నిలబడతాడు. ఎవరు బయటికి పోయారో, ఎవరు లోపలికి వచ్చారో పెదాలు కదుపుతూ ఏదో అనుకుంటాడు. మా అకౌంటెంటు నవనీత కిందికి పోయి పావుగంటైనా రాకపోతే, "సారూ, గా చుడీదార్ బిడ్డ ఇంక రాలే" అన్నాడు. టిఫిన్‌కు పోయిందని చెప్పాను. ఆమె తిరిగి వచ్చాకే కుదుటపడ్డాడు.

"బాపు బాయిల ల్యాంపు రూములో చేసిండు సార్. గదే అలవాటు" అంది కోమల, కొంచెం సిగ్గుపడి.

ఆయన అక్కడుండగా పాఠం ఆపుదామనుకున్నాను. కానీ కోమలే బోర్డు దగ్గరికి పోయి, చిన్న పెట్టె గీసింది, పెట్టె నుంచి బాణం, బాణం చివర మనిషి బొమ్మ. "ఈ పెట్టె పాయింటర్, ఇది మనిషి. ఈ రెండు ఒకటి కావు. గంత వరకు సమజైంది. స్టార్‌తోనే పరేషాన్ ఉన్నది" అంది.

ముసలాయన కళ్లద్దాలు పైకెత్తి, కళ్లు చికిలించి బోర్డు దగ్గరికి నడిచొచ్చాడు.

"ఇది బిళ్ళల బోర్డు కాదుర బిడ్డా?"

నాకు విసుగొచ్చింది. మర్యాద కోసం, ఏం బిళ్ళలు అని అడిగాను.

ఆయన చెప్పాడు. బాయిలోకి దిగే ప్రతి మనిషికీ ఒక నంబరు, నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఒకటి. మనిషి కిటికీ దగ్గరికొచ్చి బిళ్ళ ఇస్తాడు, తలకు కట్టుకునే ల్యాంపు తీసుకుంటాడు. ఆ బిళ్ళను లోపల గోడ మీది బోర్డుకు, ఆ షిఫ్టులో అతనికని కొట్టిన మేకుకు తగిలిస్తారు. షిఫ్టు దిగి ల్యాంపు తిరిగిస్తే బిళ్ళ వాపస్. "మేకుకు బిళ్ళ ఉన్నదంటే మనిషి కింద ఉన్నట్టు. మేకు ఖాళీ ఉన్నదంటే ఎవ్వడు లేనట్టు. బోర్డు మీద మనిషుండడు సారూ, ఏ మనిషన్నది ఉంటది. గంతే."

కోమల కాలు ఊపడం ఆపింది. అది ఆగగా నేను చూడటం అదే మొదటిసారి.

"బాపూ, మరి స్టార్ ఏంది?"

"గదేందో నాకేం తెలుసు? గా సుక్క యాడ పెడుతున్నరు మీరు?"

"పేరు ముంగట. మొదటిసారి పేరు రాసేటప్పుడే. తర్వాత పెట్టం."

"మరింకేం, మేకు కొట్టుడు. కొత్త మేకు ఒక్కసారే కొడుతరు. కొట్టేటప్పుడే సుత్తె. దాని మీద నంబరు రాసినంక, ఇగ నంబరు చెప్తే సాలు, రోజు సుత్తె పట్టుకొని తిరుగుతరా?"

కోమల నా వైపు తిరిగింది. తనే బోర్డు మీద నేను మంగళవారం రాసిన తప్పు లైను మళ్లీ రాసింది. a కి స్టార్ ఉంది, b కి లేదు.

"గిట్ల రాస్తే మిషను తిట్టింది బాపూ. ఒక్క దెబ్బకు రెండు మేకులు దిగయి, గదే కదా? రెండోదానికి సుత్తె దెబ్బ పడలే. మేకు లేకుండ మనిషినే తెచ్చి గోడకు పెట్టుమన్నట్టయింది."

"మనిషిని గోడకు వేలాడదీసుడేందే" అని ముసలాయన నవ్వాడు. అవతల నవనీత కూడా నవ్వింది. నాకు నవ్వూ వచ్చింది, కడుపు మంటా వచ్చింది. రెండు రోజులు నేను రూల్ అని అరిచిన ముక్కను ఆయన మూడు మాటల్లో తేల్చేశాడు. పదిహేనేళ్లుగా నేనిది ఎరుగుదును గానీ, ఎవరైనా ఎందుకు అని అడిగితే చెప్పలేనంతగా ఎరుగుదును.

కోమల అక్కడితో ఆగలేదు. ఆమె ఆగే మనిషి కాదు కదా.

"బాపూ, మేకు ఖాళీగున్నది కానీ మనిషి కిందనే ఉన్నడు. గట్ల ఎప్పుడన్న అయిందా?"

ముసలాయన నవ్వు ఆగిపోయింది. స్టూలు దగ్గరికి పోయాడు, కూర్చోలేదు. తలుపు వైపు చూశాడు.

"అయింది" అన్నాడు.

షిఫ్టు దిగే వేళ కిటికీ దగ్గర గుంపు ఉంటుంది. బస్సు పోతుందని అందరూ తోసుకుంటారు. అలసిపోయినవాడు తన ల్యాంపును దోస్తు చేతికిచ్చి, నాది కూడా ఇచ్చెయ్ అంటాడు. బాయి మూతి దగ్గర లైట్లుంటాయి, ల్యాంపు లేకపోయినా నడిచి రావచ్చు. అలా ఒకడు రెండు ల్యాంపులు ఇవ్వడం ఇదివరకు లేనిదేం కాదు, ఎవరూ తప్పనుకునేవాళ్లు కాదు. పందొమ్మిదేళ్ల కింద ఒక రోజు మొగిలి అనే ఆయన రెండు ల్యాంపులు తెచ్చాడు, ఒకటి తనది, ఒకటి గోపాల్‌ది. గోపాల్ మూతి దగ్గర గోడలో మనిషి పట్టేలా తవ్విన గూటిలో కాసేపు కూర్చుని వస్తానన్నాడట.

"మొగిలి నాతోటి మంచిగనే చెప్పిండు. అన్నా, ల్యాంపు తీసుకో, గోపాల్ బిళ్ళ మాత్రం తియ్యకు, ఆడు ఇంక రాలే, జర కూసున్నడు అన్నడు. నేను ఇన్న. ఇన్న గానీ ఎనకాల లొల్లి, బస్సు హారన్. రెండు బిళ్ళలు తీసి మొగిలి చేతుల పెట్టిన. ఆడు సూసుకోలే, జేబుల ఏసుకొని పోయిండు."

గోపాల్‌కు ఆ గూటిలోనే పక్షవాతం వచ్చింది. మేకు ఖాళీగా ఉంది గనుక ఎవరూ వెతకలేదు. మూడు గంటల తర్వాత వేరే పని మీద దిగిన వాళ్లకు కనిపించాడు. గంట ముందు తెచ్చినా బాగుండేదని దవాఖానాలో డాక్టరు అన్నాడట. బతికాడు, మాట పడిపోయింది. కాబట్టి ఏం జరిగిందో అతను చెప్పలేకపోయాడు.

"అడగనీకి ఆఫీసరొచ్చిండు. బిళ్ళ ఎవలు తీసిండ్రు అన్నడు. నేనే. ఎందుకు తీసినవ్ అన్నడు." ముసలాయన తువ్వాలతో కళ్ల కింద తుడుచుకున్నాడు. కంటిలో వేసిన మందో, మరొకటో. "గోపాల్ పైకొచ్చిండని మొగిలే చెప్పిండన్న. నోటికి గట్లొచ్చింది. వచ్చినంక ఆ మాట మళ్ల వాపస్ తీసుకోలే. మొగిలిని మూడు నెలలు పనికెళ్లి ఆపిండ్రు. గప్పటికెళ్లి ఆడు నా మొకం సూడడు. నాకు కూసుంటే నిద్ర రాదు, పంటే నిద్ర రాదు. తలుపు సప్పుడైతే సాలు, ఎవలో లోపల ఉండిపోయిండ్రు అనిపిస్తది."

కోమలకు ఈ సంగతి తెలియదని ఆమె ముఖం చూస్తే తెలిసింది. తండ్రి దగ్గరికి పోయి భుజం మీద చెయ్యి వేసింది. నేను కళ్లజోడు తుడుచుకోవడం మొదలుపెట్టాను. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి. సోమవారం నా నోటికి కూడా అట్లాగే వచ్చింది.

శుక్రవారం నమాజుకు పోయి వచ్చేసరికి కోమల నా కుర్చీ పక్కనే నిలబడి ఉంది. ఆమె స్క్రీన్ మీద షార్జా యాప్ కోడు తెరిచి ఉంది. ఆ "ఇంకొకరు" బటన్ వెనక ఉన్న పని. ఒక లైను మీద వేలు పెట్టింది.

Worker *rendo = modati;

"సార్, దీన్ని నేను గిట్ల చదివిన. స్టార్ ఉన్నది, అంటే రెండో మేకు కొట్టిండ్రు. మేకు కొట్టుడు మంచిగనే ఉన్నది. కానీ కొత్త మనిషి పుట్టలే. మొదటి మనిషి బిళ్ళ నంబరే దీనికి కూడ తగిలిచ్చిండ్రు. బోర్డు మీద ఇద్దరు, కింద ఒక్కడు. తర్వాత లైన్ల రెండోదానికి పేరు నర్సయ్య అని మార్చిండ్రు. ఉన్నదే ఒక్కడు కదా, ఇగ భూమన్న పేరు పోయి, రెండు మేకులకు నర్సయ్యే వచ్చిండు. కరెక్టేనా సార్?"

కరెక్టే. అంతకంటే కరెక్టుగా చెప్పడం నాకు రాదు. నెట్‌వర్క్ అని నేను నాలుగు రోజులు గోడలకు తల కొట్టుకున్నాను. ఇద్దరు మనుషులకు రెండు స్టార్లు ఉన్నాయి కదా, సరిపోయిందిలే అనుకుని ఎవడో ముందుకు పోయాడు. స్టార్ పెట్టినంత మాత్రాన మనిషి పుట్టడని తెలియని పచ్చి కొత్తవాడు చేసే తప్పు.

ఫైలు పైన రాసినవాడి పేరు, తేదీ ఉంటాయి. కోమల పైకి జరిపి చూపించలేదు. నేనే జరిపాను. నా పేరు. తేదీ పోయిన ఏడాది మార్చిది, శుక్రవారం. గుర్తొచ్చింది. రంజాను నెల, నమాజుకు ఆలస్యమవుతోందని పది నిమిషాల్లో రాసి లేచాను. అప్పుడు ఆ బటన్ అవసరం లేదన్నారు గనుక దాచిపెట్టాం. సాగర్ అడిగాడని ఈ కొత్త వెర్షన్‌లో బయటపెట్టాం. రంగు మాత్రమే కోమలది.

"నువ్వు ముందే చూశావా ఈ పేరు?" అన్నాను.

"సూసిన సార్."

"మేడంకు చెప్పావా?"

"లే." స్క్రీన్ వైపు చూస్తూ అంది, "సోమవారమే మేడం నన్ను పిలిచి అడిగింది సార్, ఏం ముట్టినవ్ అని. రంగు తప్ప ఏం ముట్టలే అన్న. నమ్మలే. మీరు చెప్పిండ్రంట కదా."

అంటే వారమంతా ఆమెకు తెలుసు. తెలిసే వచ్చింది, తెలిసే నా ముందు నిలబడి స్టార్ ఏడ పోయింది సార్ అని అడిగింది, నేను అరిస్తే రాసుకుంది.

"మరి ఎందుకు పోలేదు? అన్నిటినీ వదిలేసి పోతావు కదా నువ్వు" అన్నాను. అనకూడని మాట, సిగ్గుతో వచ్చింది.

"ఇది ఇడిసిపెట్టి పోతే నేనే చేసిన అనుకుంటరు సార్. అందుకే తప్పు ఎక్కడున్నదో దొరికేదాంక పోవద్దనుకున్న. ఇప్పుడు దొరికింది. ఇగ మీ ఇష్టం" అని వరండాలోకి వెళ్లిపోయింది.

ఆ రాత్రి నా సంగతి రాయను. దాచడానికి దారులన్నీ తెలిసినవాణ్ణి నేను. ఆ ఒక్క లైను మార్చి, నెట్‌వర్క్ సరిచేశామని సాగర్‌కు చెప్తే సరి. ఆ భాష చదవగలిగినవాళ్లు ఆఫీసులో ఇద్దరమే, ఆ రెండో మనిషి ఎల్లుండి ఉండదు. అంత సులభం. తువ్వాలతో కళ్లు తుడుచుకున్న ముసలాయన గుర్తురాకపోతే చేసి ఉండేవాణ్ణేమో, నాకు తెలియదు.

శనివారం పొద్దున్నే మేడం గదిలోకి పోయాను. సాయంత్రం దాకా ఆగితే నా ధైర్యం ఆగదని తెలుసు.

"సోమవారం నేను చెప్పింది అబద్ధం మేడం. తప్పు నాది. పోయిన ఏడాది నేను రాసిందే. కోమల పట్టుకుంది" అన్నాను. ఏ లైను, ఎలా, అన్నీ చెప్పాను.

మమతారాణి మేడం చాలాసేపు పెన్ను మూత తీసి పెట్టింది, తీసి పెట్టింది. "నేను ఆ పిల్లను ఎంత మాటన్నానో తెలుసా ఫయాజ్ భాయ్?" అంది. తర్వాత, "సాగర్‌కు కూడా నువ్వే ఫోన్ చేసి చెప్పు. నెట్‌వర్క్ అనకు" అంది.

చెప్పాను. స్పీకరు పెట్టి, ఆఫీసులో అందరూ వింటుండగా చెప్పాను. సాగర్ అంతా విన్నాడు. "సరే అన్నా. పట్టుకున్నోళ్లు ఎవలు?" అన్నాడు. కోమల అని చెప్పాను. "ఆ అక్కకు నా సలాం చెప్పు" అన్నాడు. ఆ లైను నేను ముట్టలేదు, కోమలతోనే మార్పించాను. కొత్త మనిషిని పుట్టించి, ఆ మనిషి బిళ్ళను రెండో మేకుకు తగిలించింది. మిషను తిట్టలేదు. ఉంచుదామా, పంపుదామా అని మేడం నన్ను మళ్లీ అడగలేదు.

మధ్యాహ్నం వరండాలో కోమల తండ్రికి ఫోన్ చేస్తుంటే నాకు వినపడింది. "మా సారు తనే చెప్పిండు బాపూ. అందరి ముంగట చెప్పిండు." అవతల ముసలాయన ఏమన్నాడో వినపడలేదు. కోమల మాత్రం "అవ్ బాపూ, తనే చెప్పిండు. ఎవ్వలు అడగలే" అని రెండుసార్లు అంది.

సోమవారం కోమల రెండు గంటలు ఆలస్యంగా వచ్చింది. మంచిర్యాల బస్సు నుంచి సరాసరి వచ్చినట్టుంది, చేతిలో సంచి అలాగే ఉంది. నా బల్ల దగ్గర నిలబడింది.

"నిన్న బాపు మొగిలి కాక ఇంటికి పోదాం పా అన్నడు సార్. నేను, బాపు పోయినం. కాక గడపలనే ఉన్నడు. బాపు నిలబడే అంత చెప్పిండు. బిళ్ళ తియ్యకన్నా అని నువ్వు చెప్పినవ్, నేనే తీసిన, నీ మీద ఏసిన అన్నడు."

"ఆయనేమన్నాడు?"

"ఏం అనలే. లోపలికి పోయిండు. ఇగ రాడేమో, పోదాం బాపూ అన్న నేను. గప్పుడు కాక కుర్చీ పట్టుకొని బయటకొచ్చిండు. ఒక్క కుర్చీనే. బాపు ముంగట పెట్టి, తను గడప మీద కూసున్నడు."

"తర్వాత?"

"గంతే సార్. ఇద్దరు ఏం మాట్లాడుకోలే. ఆ ఇంట్ల పిల్లలు లోపలికి పోతున్నరు, బయటకొస్తున్నరు, తలుపు చప్పుడైతనే ఉన్నది." సంచి కింద పెట్టి, కుర్చీ లాక్కుంది. "చీకటి పడేదాంక ఉన్నం. బాపు ఒక్కసారి గూడ లేవలే."